క్యాన్సర్ చిన్నారుల వేసవి శిబిరం: ఇదీ సదఖాయే

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



గత ఏడాది వేసవి సెలవులకు ముందు ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిశాక నలుగురు యువకులు మా దగ్గరికి వచ్చారు. క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పిల్లల కోసం ఊరి బయట ఒక తోటలో మూడు రోజుల వేసవి శిబిరం పెడుతున్నామనీ, డాక్టర్లు, నర్సులు కూడా అక్కడే ఉంటారనీ చెప్పారు. చందా కోసం మస్జిద్‌లో ఒక ప్రకటన చేయమని కోరారు. పక్కనే కూర్చుని తస్బీహ్ చదువుకుంటున్న ఒక పెద్దాయన ఆ మాట విని తలెత్తారు.

"మౌలానా సాబ్! మందులకంటే ఇస్తాం. ఆపరేషన్‌కంటే ఇస్తాం. పతంగులు ఎగరేయడానికి, బొమ్మలు గీయడానికి కూడా అల్లాహ్ పేరిట చందాలా? రేపు ప్రళయదినాన ఈ పైసలకు లెక్క చెప్పుకోవద్దా?"

ఆ పెద్దాయన పిసినారి కాదు. మా మొహల్లాలో ఎందరు వితంతువుల ఇళ్ళలో ఆయన పుణ్యాన పొయ్యి వెలుగుతోందో మాకు తెలుసు. దానం సరైన చోటికి చేరాలన్న భయంతోనే ఆయన ఆ ప్రశ్న వేశారు. మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. "చాచా, వచ్చే జుమాకు చెబుతాను" అన్నాం. ఆ వారం రోజులు గ్రంథాలు తిరగేశాం, డాక్టర్లను అడిగి తెలుసుకున్నాం, ఒక పసివాడి పక్కన కూర్చున్నాం. ఆ మరుసటి జుమాలో చెప్పిన విషయాలనే ఇప్పుడు, మళ్ళీ వేసవి దగ్గరపడుతున్న వేళ, పాఠకుల ముందు కాస్త వివరంగా ఉంచుతున్నాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం

ఆ యువకులు వెళ్ళిపోయాక మాకు మా మక్తబ్‌లో చదివే ఒక బాలుడు గుర్తొచ్చాడు. వాడికి తొమ్మిదేళ్ళు. రక్త క్యాన్సర్ అని తేలి అప్పటికి నాలుగు నెలలైంది. వాళ్ళ అబ్బాను మస్జిద్‌లో కలిసినప్పుడల్లా "సబర్ చేయండి భాయ్, దుఆ చేస్తున్నాం" అనేవాళ్ళం. దుఆ చేసిన మాట నిజమే. కానీ ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు. వెళితే ఏం మాట్లాడాలో తెలియదన్నది మా సాకు. రోగిని పరామర్శించడం ఒక ముస్లింకు మరో ముస్లింపై ఉన్న హక్కు అని పిల్లలకు పాఠం చెప్పే మేమే, మా విద్యార్థి హక్కును మరచిపోయాం.

మరునాడు అసర్ తర్వాత వెళ్ళాం. బాలుడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జుట్టంతా రాలిపోయింది. మమ్మల్ని చూడగానే టోపీ తీసుకుని తల కప్పుకున్నాడు. కాసేపు వాడి సబఖ్ గురించీ, స్నేహితుల గురించీ మాట్లాడుకున్నాం. వాళ్ళ అమ్మీ చాయ్ తేవడానికి లోపలికి వెళ్ళగానే వాడు గొంతు తగ్గించి అడిగాడు: "హజ్రత్, నేనేం గునాహ్ చేశాను? ఎవరో ఏదో పాపం చేస్తేనే ఇట్లాంటి బీమారీ వస్తుందని పక్కింటి ఖాలా అమ్మీతో అన్నది."

సోదరులారా! తొమ్మిదేళ్ళ పసివాడు నాలుగు నెలలుగా ఈ ప్రశ్నను గుండెల్లో మోస్తున్నాడు. సూదుల నొప్పి ఆస్పత్రి పెట్టింది. ఈ నొప్పి మనం పెట్టాం.

ఇది పాప ఫలితం కాదు

ఇస్లాం ధర్మం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ముగ్గురి విషయంలో కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) తెలియజేశారు. నిద్రపోయే వ్యక్తి మేల్కొనే వరకు, పసివాడు యుక్తవయసుకు చేరే వరకు, మతిస్థిమితం లేని వ్యక్తి తేరుకునే వరకు వారి ఖాతాలో పాపాలు వ్రాయబడవు (అబూదావూద్). మరి కలం ఇంకా వ్రాయడమే మొదలుపెట్టని పసివాడికి పాపం ఎక్కడిది? దానికి శిక్ష ఎక్కడిది?

తల్లిదండ్రులు చేసిన పాపం పిల్లవాడికి తగిలిందనే మాట కూడా మన విశ్వాసానికి విరుద్ధం. బరువు మోసే ఏ ప్రాణీ మరొకరి పాపభారాన్ని మోయదని దివ్యఖుర్ఆన్ అల్ అన్ఆమ్ సూరా 164వ ఆయతులోనూ, ఫాతిర్ సూరా 18వ ఆయతులోనూ ప్రకటించింది. హజ్రత్ అయ్యూబ్ (అలై) ప్రవక్త అయి ఉండి కూడా దీర్ఘకాలం వ్యాధితో బాధపడ్డారు. మనుషులందరిలోకీ కఠినమైన పరీక్షలు ప్రవక్తలకే ఎదురవుతాయనీ, ఆ తర్వాత వారికి చేరువలో ఉన్నవారికి ఎదురవుతాయనీ హదీసు (తిర్మిజీ) ద్వారా తెలుస్తోంది. కాబట్టి జబ్బు ముదిరిన కొద్దీ పాపం పెద్దదని లెక్కగట్టేవాడు, తెలియకుండానే ప్రవక్తల గౌరవానికి భంగం కలిగించే మాట అంటున్నాడు.

ఆ రోజు ఆ పసివాడికి ఇదంతా వాడి భాషలో చెప్పాం. "బేటా, నీ కాగితం ఇంకా తెల్లగానే ఉంది. ఫరిష్తాలు నీ గునాహ్‌లు రాయడం ఇంకా మొదలే పెట్టలేదు" అన్నాం. వాడు చాలాసేపు మా ముఖం వైపే చూశాడు. తర్వాత తల మీది టోపీ తీసి పక్కన పెట్టాడు.

వ్యాధి గురించి తెలుసుకోవలసింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, 19 ఏళ్ళ లోపు వారు క్యాన్సర్ బారిన పడుతున్నారు. వీరిలో రక్త క్యాన్సర్, మెదడులో గడ్డలు, లింఫోమా వంటివి ఎక్కువ. పెద్దల్లో పొగాకు వంటి అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్లకూ, పిల్లల క్యాన్సర్లకూ తేడా ఉంది. పిల్లల్లో చాలా వరకు కారణం ఇదీ అని చెప్పడానికి వీలుండదు. తల్లి తిన్న తిండి వల్లనో, తండ్రి చేసిన పని వల్లనో వచ్చిందని నిందించడానికి ఆధారం లేదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. ఆ పిల్లవాడితో ఒకే పళ్ళెంలో తిన్నంత మాత్రాన ఎవరికీ సోకదు.

మరో ముఖ్యమైన విషయం ఏమిటంటే, పిల్లల క్యాన్సర్లలో చాలా వాటికి చికిత్స ఉంది. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా పిల్లలు కోలుకుంటున్నారు. పేద దేశాలు చాలా వాటిలో 30 శాతం మంది కూడా కోలుకోవడం లేదని అదే సంస్థ చెబుతోంది. ఈ అంతరాన్ని తగ్గించి, 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా కనీసం 60 శాతం పిల్లలు బతికేలా చూడాలని 2018లో ఆ సంస్థ ఒక కార్యక్రమం చేపట్టింది. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, మందులు అందకపోవడంతో పాటు మధ్యలోనే చికిత్స మానేయడం కూడా ఈ అంతరానికి ఒక పెద్ద కారణం.

ఎందుకు మానేస్తారు? పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు రెండు నుంచి మూడేళ్ళ దాకా చికిత్స సాగుతుంది. మందుల ఖర్చు విషయంలో 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు పేదలకు ఎంతో ఆసరా అయ్యాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో వెలసిన ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి నేటికీ జిల్లాల నుంచి నిరుపేదలు వస్తుంటారు. అయితే మందు దొరికినా, బస్సు చార్జీలున్నాయి, ఊరు కాని ఊళ్ళో బస ఉంది, కూలి పోతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలను చూసుకునే వారుండరు. వీటన్నిటికీ తోడు పిల్లవాడే "ఇక నేను రాను, నాకీ సూదులొద్దు" అని మొండికేస్తాడు. చివరికి ఆ ఇల్లు అలసిపోతుంది. అలాంటి సమయంలోనే ఎవరో ఒకరు వచ్చి, ఆస్పత్రి మాని ఫలానా చోట తావీజు కట్టించమంటారు.

అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి చికిత్స లేకుండా దించలేదని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ). వైద్యం చేయించుకోమని ఆదేశించారు కూడా (అబూదావూద్). దుఆ చేయడం, ఖుర్ఆన్ పఠించి ఊదడం విశ్వాసికి బలం. కానీ డాక్టరు ఇచ్చిన మందు ఆపేసి దుఆ చేయమని షరీఅత్ ఎక్కడా చెప్పలేదు. పిల్లవాడి ప్రాణం తల్లిదండ్రుల చేతిలో ఉన్న అమానతు. వాడి చికిత్స మధ్యలో ఆపించిన వాడు కూడా రేపు జవాబు చెప్పుకోవాలి.

పసివాడి ఆటను ప్రవక్త (స) ఎలా చూశారు?

ఇక పెద్దాయన వేసిన అసలు ప్రశ్నకు వద్దాం. జబ్బుపడ్డ పిల్లవాడికి మందు అవసరమే, మరి ఆట కూడా అవసరమా?

హజ్రత్ అనస్ (రజి)కి అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడుండేవాడు. ఆ పిల్లవాడు ఒక చిన్న పిట్టను పెంచుకుని దానితో ఆడుకునేవాడు. ఒకరోజు ఆ పిట్ట చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు పిల్లవాడు దిగాలుగా కనిపించాడు. ఆయన వాడిని ముద్దుపేరుతో పిలిచి, పిట్ట పేరుతో ప్రాస కలిసేలా ఆ పిట్టకేమైందని అడిగి పలకరించారు (బుఖారీ, ముస్లిం). కాస్త ఆలోచించండి! ఆనాడు మదీనాలో రాజ్య వ్యవహారాలున్నాయి, యుద్ధాలున్నాయి, దైవవాణి అవతరిస్తోంది. అంతటి బాధ్యతలున్న దైవప్రవక్త (స) ఒక పిట్ట కోసం బాధపడుతున్న పసివాడి దగ్గర ఆగారు. "చిన్న విషయం, ఊరుకో" అనలేదు. ఈ ఒక్క హదీసు నుంచి ఎన్నో ధర్మసూత్రాలు గ్రహించిన పండితులున్నారు. మనం కనీసం ఒక్కటి గ్రహిద్దాం: పిల్లవాడి దుఃఖం పిల్లవాడి కొలతలోనే పెద్దది.

హజ్రత్ ఆయిషా (రజి) చిన్న వయసులో బొమ్మలతో ఆడుకుంటుంటే ఆయన (స) వారించలేదు. పైగా ఆమెతో ఆడుకోవడానికి స్నేహితురాళ్ళను పంపేవారు (బుఖారీ). నమాజులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసును తలచుకుని నమాజును సంక్షిప్తం చేసేవారు (బుఖారీ, ముస్లిం). సజ్దాలో ఉండగా మనవడు వీపు ఎక్కితే, వాడి ముచ్చట తీరే దాకా సజ్దాను పొడిగించారు (నసాయీ). నమాజు వంటి మహత్తర ఆరాధనలో సైతం పసివాడి ముచ్చటకు చోటు దొరికినప్పుడు, మన జకాత్, సదఖాల లెక్కల పుస్తకంలో చోటు దొరకదా?

దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలై) గాథను గుర్తుచేసుకోండి. యూసుఫ్‌ను తమతో పంపమనీ, తిని తిరిగి ఆడుకుంటాడనీ అన్నలు తండ్రిని అడిగారు. హజ్రత్ యాఖూబ్ (అలై) ఏం జవాబిచ్చారు? ఆట కాలక్షేపమనో, ప్రవక్త కుమారుడికి తగదనో ఆయన అనలేదు. మీరు ఏమరుపాటుగా ఉన్నప్పుడు తోడేలు తినేస్తుందేమోనన్న భయాన్ని మాత్రమే వెలిబుచ్చారు (యూసుఫ్: 12-13). పిల్లలకు హద్దుల్లో ఉన్న ఆట ధర్మసమ్మతమే అనడానికి వ్యాఖ్యాతలు ఈ ఆయతును కూడా చూపారు. క్యాన్సర్ పిల్లల తల్లిదండ్రుల భయం కూడా అచ్చం ఇలాంటిదే. వారి తోడేలు పేరు ఇన్ఫెక్షన్. ఆ తోడేలు నుంచి కాపాడే ఏర్పాటు చేసి ఆడుకోనివ్వడమే ఈ శిబిరాల పని.

ఈ శిబిరాలు ఎలా నడుస్తాయి?

ప్రపంచంలో ఇటువంటి శిబిరాలు కొత్తవి కావు. ఆస్ట్రేలియాలో 'క్యాంప్ క్వాలిటీ' 1983లో మొదలైంది. అమెరికాలో పాల్ న్యూమన్ అనే సినిమా నటుడు 1982లో ఆహార పదార్థాల వ్యాపారం ప్రారంభించి, దాని లాభాలన్నీ దానధర్మాలకే కేటాయించారు. 1988లో కనెక్టికట్ రాష్ట్రంలోని యాష్‌ఫర్డ్ అనే చోట క్యాన్సర్, తీవ్రమైన రక్త సంబంధ వ్యాధులున్న పిల్లల కోసం 'హోల్ ఇన్ ది వాల్ గ్యాంగ్ క్యాంప్' అనే శిబిరాన్ని తెరిచారు. అక్కడికి వచ్చే పిల్లల కుటుంబాల నుంచి ఒక్క పైసా తీసుకోరు. చెరువులో పడవలు, చేపలు పట్టడం, గుర్రపు స్వారీ, ఈత, నాటకాలు అన్నీ ఉంటాయి. వాటి మధ్యలోనే డాక్టర్లు, నర్సులు ఉండే వైద్యకేంద్రం ఉంటుంది. పొద్దున మందు వేసుకున్న పిల్లవాడు మధ్యాహ్నం పడవ ఎక్కుతాడు. ఆయన 2008లో చనిపోయారు. శిబిరం మాత్రం నడుస్తూనే ఉంది. ఆ బాటలోనే 1994లో ఐర్లాండ్‌లోని బారెట్స్‌టౌన్‌లో మరొకటి వెలసింది. ఇప్పుడు పలు దేశాల్లోని ఇటువంటి శిబిరాలు 'సీరియస్‌ఫన్' అనే పేరిట ఒక సమూహంగా పనిచేస్తున్నాయి.

మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఆ మొదటి శిబిరం నిర్మాణానికి సౌదీ అరేబియా 50 లక్షల డాలర్ల విరాళం ఇచ్చింది. అమెరికాలో ఒక క్రైస్తవేతరుడో ముస్లిమో అని చూడకుండా, జబ్బుపడ్డ పిల్లలందరి కోసం తలపెట్టిన పనికి ఒక ముస్లిం దేశం చేయూతనిచ్చిందన్నమాట.

అసలు రోగి మనసును ఉల్లాసపరచడం మన పూర్వీకులకు తెలియని విద్య కాదు. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో నిర్మించిన మన్సూరీ ఆస్పత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచేది. ధనిక, పేద తేడా లేకుండా రోగులను చేర్చుకునేది. 1488లో సుల్తాన్ బాయజీద్ 2 ఎదిర్నె నగరంలో కట్టించిన ఆస్పత్రిలో రోగుల చికిత్సకు పూల పరిమళాన్ని సైతం వాడేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాశారు. రోగికి పూలు ఇవ్వడం దుబారా అని ఆ వక్ఫ్ పెద్దలు అనుకోలేదు.

ఒక డాక్టరును మేము అడిగాం, మూడు రోజుల ఆటతో ఏం ఒరుగుతుందని. ఆయన చెప్పిన మాట మాకు గుర్తుండిపోయింది. "బడిలో వాడొక్కడే జుట్టు లేని పిల్లవాడు. శిబిరంలో ముప్పై మందికీ జుట్టు ఉండదు. అక్కడ వాడు రోగి కాడు, మామూలు పిల్లవాడు. చికిత్స పూర్తి చేసుకుని జుట్టు పెరిగిన అన్నను చూస్తాడు. నేనూ ఇలా అవుతానన్న ధైర్యంతో తర్వాతి సూదికి చేయి చాపుతాడు" అన్నారు. అంటే ఆ ఆట చికిత్సకు పోటీ కాదు, చికిత్సను చివరిదాకా నిలబెట్టే ఊతకర్ర.

జబ్బుపడని తోబుట్టువుల సంగతి కూడా మరవకూడదు. రెండేళ్ళు ఇల్లంతా ఒక బిడ్డ చుట్టూ తిరుగుతుంటే, రెండో బిడ్డ మౌనంగా మూలకు చేరుతుంది. అమ్మను అడగాలన్నా భయపడుతుంది. మంచి శిబిరాలు అన్నాచెల్లెళ్ళకు కూడా చోటు కల్పిస్తాయి.

జకాత్ ఇవ్వవచ్చా? సదఖా ఇవ్వవచ్చా?

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. జకాత్ ఎవరికి చెందాలో అత్తౌబా సూరా 60వ ఆయతులో అల్లాహ్ స్వయంగా ఎనిమిది పద్దులు నిర్ణయించాడు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ చెల్లాలంటే ఆ సొమ్ముకు అర్హుడైన పేదవాడిని యజమానిగా చేయాలి. దీన్నే తమ్లీక్ అంటారు. కాబట్టి శిబిరం డేరాలకు, తోట అద్దెకు, సిబ్బంది జీతాలకు, ఆటవస్తువుల కొనుగోలుకు జకాత్ సొమ్ము వాడితే జకాత్ నెరవేరదు. ధనవంతుడైన తండ్రి ఉన్న చిన్నపిల్లవాడికి కూడా జకాత్ చెల్లదు.

అయితే అర్హత గల పేద ముస్లిం కుటుంబానికి ఆ సొమ్మును చేతికిస్తే జకాత్ నెరవేరుతుంది. వారు దానితో బస్సు చార్జీలు పెట్టుకోవచ్చు, మందులు కొనుక్కోవచ్చు, బిడ్డకు కొత్త చెప్పులు కొనవచ్చు. ఏం కొనాలన్నది వారి ఇష్టం. జకాత్ తీసుకున్న వాడిని లెక్క అడిగి చిన్నబుచ్చడం సంస్కారం కాదు.

శిబిరం ఖర్చులకు ఐచ్ఛిక సదఖా, కానుకలు ఇవ్వాలి. వీటి ద్వారం విశాలమైనది. శిబిరంలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు కదా అని కొందరు సందేహిస్తారు. ఐచ్ఛిక దానం ముస్లిమేతరులకు కూడా ఇవ్వవచ్చని పండితులందరూ చెప్పారు. మనతో ధర్మం విషయంలో యుద్ధం చేయని వారితో మంచిగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ నిషేధించలేదని అల్ ముమ్తహినా సూరా 8వ ఆయతు తెలియజేస్తోంది. దైవప్రవక్త (స) స్వయంగా తనకు సేవచేసే ఒక యూద బాలుడు జబ్బుపడితే వాడి ఇంటికి వెళ్ళి తల దగ్గర కూర్చున్నారు (బుఖారీ). నబువ్వత్‌కు ముందు మక్కాలో పీడితులకు తోడ్పడేందుకు జరిగిన 'హిల్ఫుల్ ఫుజూల్' ఒప్పందంలో ఆయన పాల్గొన్నారు. తర్వాత కూడా దాన్ని మెచ్చుకున్నారు. కనుక శిబిరం నడిపేది మనవాళ్ళా, ఇతరులా అన్నది తర్వాతి మాట. జరిగేది మంచి పనా కాదా అన్నది మొదట చూడాలి.

ఇచ్చే ముందు అడగవలసినవి

మంచి పని అని గుడ్డిగా ఇవ్వమని మేము చెప్పం. దానం చేసేవాడు అడగడానికి సిగ్గుపడకూడదు.

ప్రతి పిల్లవాడికీ వాడికి చికిత్స చేసే డాక్టరు వ్రాతపూర్వక అనుమతి ఉందా? కీమోథెరపీలో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి శిబిరంలో రాత్రింబవళ్ళు వైద్యులున్నారా? ఆస్పత్రికి తీసుకెళ్ళే వాహనం సిద్ధంగా ఉందా? జలుబు, దగ్గు ఉన్న సేవకులను లోపలికి రానివ్వకుండా చూస్తున్నారా? నీరు, భోజనం శుభ్రమైనవేనా? ముస్లిం పిల్లలకు హలాల్ భోజనం, నమాజుకు చోటు, ఎదిగిన ఆడపిల్లలకు పరదాతో కూడిన వేరు బస ఉన్నాయా? చందాల లెక్కలు చూపిస్తారా?

మరొక్కటి. పిల్లల ఫొటోలు తీసి పోస్టర్లు వేయవద్దని చెప్పండి. దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వృథా చేసుకోవద్దని అల్ బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తోంది. రేపు ఆ బిడ్డ కోలుకుని పెరిగి పెద్దవుతాడు, ఆడపిల్లయితే పెళ్ళీడుకు వస్తుంది. మన చందా పుస్తకం కోసం తీసిన బొమ్మ వారి వెంట పడకూడదు.

డబ్బు లేనివారు ఏం చేయాలి?

పుణ్యం డబ్బున్నవారి సొత్తు కాదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలకు తరచూ రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి వస్తుంది. 18 ఏళ్ళు నిండి ఆరోగ్యంగా ఉన్న యువకులు రక్తదానం చేయవచ్చు. అవసరం ఉన్నప్పుడు ఇది ధర్మసమ్మతమేనని నేటి ఉలమాలలో అధికులు తీర్పునిచ్చారు. కుట్టుపని తెలిసిన సోదరీమణులు మెత్తటి నూలు టోపీలు, ఓఢ్నీలు కుట్టి ఇవ్వవచ్చు. ఆటో నడిపే సోదరుడు నెలకు ఒక్కరోజు ఒక కుటుంబాన్ని ఆస్పత్రికి చేర్చవచ్చు. పక్కింటివారు తల్లి ఆస్పత్రిలో ఉన్న రోజున మిగిలిన పిల్లలకు అన్నం పెట్టవచ్చు. మక్తబ్ ఉస్తాదులు పాఠం ఆగిపోయిన విద్యార్థి ఇంటికి వెళ్ళి వారానికి అరగంట చెప్పవచ్చు. బట్టతలను చూసి నవ్వకూడదని మన పిల్లలకు నేర్పడానికి మాత్రం ఎవరికీ ఒక్క పైసా ఖర్చు కాదు.

పరామర్శకు వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కుని వెళ్ళండి. ఒంట్లో బాగా లేకపోతే వెళ్ళకండి. అక్కడ చనిపోయిన వారి కథలు చెప్పకండి. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి నిలబెట్టి, నేను జబ్బుపడితే నువ్వెందుకు పరామర్శించలేదని అడుగుతాడనీ, నా ఫలానా దాసుడు జబ్బుపడ్డప్పుడు వెళ్ళి ఉంటే నన్ను అక్కడే పొందేవాడివని చెబుతాడనీ హదీసె ఖుద్సీ (ముస్లిం) మనల్ని వణికిస్తోంది. ఆ పడక మీద ఉన్నది పసివాడైతే మాత్రం ఆ ప్రశ్న తప్పుతుందా?

చివరి మాట

ఆ మరుసటి జుమాలో ఈ విషయాలు చెప్పాక మస్జిద్‌లో చందా పోగైంది. ప్రశ్న వేసిన పెద్దాయన కొంతసేపు మౌనంగా కూర్చుని, "జకాత్ సొమ్ము వేరే పెట్టాను, ఇది నా జేబులోది" అంటూ విడిగా ఒక కవరు ఇచ్చారు.

మా విద్యార్థి మాత్రం ఆ శిబిరానికి వెళ్ళలేకపోయాడు. రెండు రోజుల ముందు చేసిన రక్తపరీక్షలో కణాలు తక్కువగా ఉన్నాయని డాక్టరు వద్దన్నారు. అదే సరైన నిర్ణయం. వాడి బదులు ఏడేళ్ళ చెల్లెలు వెళ్ళింది. మూడో రోజు సాయంత్రం అన్న కోసం తాను రంగులు వేసిన పతంగి పట్టుకుని తిరిగి వచ్చింది. వాడు దాన్ని మంచం పక్కన గోడకు అంటించుకున్నాడు. ఇప్పటికీ చికిత్స సాగుతోంది. ఈ వేసవిలో వెళ్ళవచ్చా అని డాక్టరును ప్రతిసారీ వాడే అడుగుతున్నాడట. ఆస్పత్రికి రానని మొండికేయడం మానేశాడని వాళ్ళ అబ్బా చెప్పారు.

వాడు వెళ్తాడో లేదో, కోలుకుంటాడో లేదో అల్లాహ్‌కే తెలుసు. స్వస్థత ఆయన చేతిలో ఉంది. ఆ బిడ్డ ఎదురుచూడటానికి ఒక మంచి రోజును ఏర్పాటు చేయడం మన చేతిలో ఉంది. మన చేతిలో ఉన్నదాని గురించే మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

ఓ అల్లాహ్! వ్యాధిగ్రస్తులైన పసివారందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. వారి తల్లిదండ్రుల హృదయాలకు స్థైర్యాన్నివ్వు. వారికి చికిత్స చేసే చేతుల్లో శుభం కలుగజేయి. బిడ్డలను కోల్పోయిన వారికి స్వర్గంలో ఆ బిడ్డల కలయికను ప్రాప్తింపజేయి. మా నాలుకల నుంచి రోగుల మనసుకు గాయం కాకుండా మమ్మల్ని కాపాడు. మా దానాలను ప్రదర్శనాబుద్ధి నుంచి శుద్ధిచేసి స్వీకరించు. ఆమీన్.